ఎక్కడో చెప్పను

హలో, హలో... వినిపిస్తోందా? ఆఁ, అందరికీ నమస్కారం. స్పీకర్లో పెట్టుకుని మీ పని చూసుకుంటూ వినండి, ఫర్వాలేదు. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, రహస్యం కాపాడటంలో మన టైలరు గారిని మించిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆయన అల్లుడు సిపాయి. సరిహద్దుకు బయల్దేరే ముందు కుట్టుమిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పైవాళ్ల ఆజ్ఞ వినిపించాడు.

"మామయ్యా, ఫోన్లో ఏమైనా అడగండి. ఎక్కడున్నావని మాత్రం అడక్కండి."

"ఛఛ! బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగడం మా ఇంటా వంటా లేదు బాబూ. దూరమా అంటాం, అంతే."

సిపాయి అప్పటికే ఆన్‌లైన్లో తన మొహం తీసేసి పొద్దుతిరుగుడు పువ్వు పెట్టుకున్నాడు. ఎవరి ఫొటోకీ లైకు కొట్టడు, ఎవరి పుట్టినరోజుకీ కేకు బొమ్మ పంపడు. ఇంతటి ఘోరాన్ని బంధువుల గ్రూపు చూస్తూ ఊరుకోలేదు. టైలరు గారి అక్క, పెద్దత్తగారు వెంటనే విచారణ ప్రారంభించారు. "అల్లుడు మొహం చాటేశాడేం తమ్ముడూ? అమ్మాయితో ఏమన్నా తేడా వచ్చిందా?"

టైలరు గారికి తల కొట్టేసినట్టయింది. అల్లుడి పరువు నిలబెట్టాలి, అల్లుడికిచ్చిన మాటా నిలబెట్టాలి. ఆ రెండూ ఒకే గుడ్డలో కత్తిరించగల పనివాడాయన.

ఆదివారం ఆదివారం సిపాయిలకు ఫోన్లు చేతికిస్తారు, కాసేపటికే మళ్లీ తీసేసుకుంటారు. ఆ కాసేపట్లోనే ఆయన దూరారు.

"అల్లుడు గారూ, మీకు కోటు కుడుతున్నా. చలెంతో తెలిస్తే లైనింగు సంగతి చూస్తా."

"బాగానే ఉంది మామయ్యా."

"బాగానే అంటే? పళ్లు టకటకలాడతాయా, తాగే నీళ్లే గడ్డకడతాయా?"

"గడ్డకడతాయి."

"పొద్దున్నే ఎండ తగుల్తుందా?"

"కొండ అడ్డం మామయ్యా."

"చెవులకి టోపీ కూడా కుడతా. గాలి హోరు ఇక్కడికే వినబడుతోంది."

"గాలి కాదు, నది."

"నాన్నా, మా ఆయన నాకు చేశాడు ఫోను!" అని కూతురు లాక్కునేసరికి అవతల లైను పోయింది.

ఆ సాయంత్రమే గ్రూపులో ప్రకటన వెలువడింది. "మా అల్లుడు ఎక్కడున్నాడో చెప్పను. నీళ్లు గడ్డకడతాయని చెప్పను. తూర్పున కొండ ఉందని చెప్పను. పక్కనే నది హోరెత్తుతోందని ప్రాణం పోయినా చెప్పను."

చప్పట్ల బొమ్మలతో గ్రూపు దద్దరిల్లింది. రిటైరైన భూగోళం మాస్టారు మ్యాపు మీద ఎర్రచుక్క పెట్టి "ఇదేనా?" అన్నారు. టైలరు గారు "చెప్పను" అని పక్కన నవ్వుమొహం పెట్టారు. పెద్దత్తగారు ఆ చుక్కకు "అత్యంత రహస్యం" అని మకుటం తగిలించి తమ అపార్టుమెంటు గ్రూపులో వేశారు. అక్కణ్ణుంచి అది ఉదయపు నడక మిత్రమండలికి నడిచింది. చివరికి ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చిన ఒకాయన టైలరు గారి చెవిలోనే ఊదాడు. "ఎవరికీ చెప్పకండేం. ఎవరి అల్లుడో పాపం, ఇదిగో ఇక్కడున్నాడట."

ఇంతలో ఇంట్లో మరో ఘనకార్యం జరిగింది. కూతురి చంటిపాపకు మాటొచ్చింది. అమ్మ చూపించిన ఫొటో మీద చెయ్యేసి "నాన్న" అంది. తల్లి ఆనందం పట్టలేక, "మళ్లీ అనకే, ఆదివారం దాకా దాచుకో" అని బతిమాలింది.

ఆదివారం ఫోను మోగలేదు. మర్నాడు మరో సిపాయి భార్య కబురు చేసింది. ఆ ఎర్రచుక్క తిరిగి తిరిగి పైవాళ్ల కళ్లబడిందట. ఆ కొండ దగ్గరున్న అందరి ఫోన్లూ తీసేసుకున్నారట. "ఇంతకీ ఎవరి మామగారమ్మా ఆ మహానుభావుడు?" అని అడిగింది. కూతురు పాప ఏడుస్తోందని తప్పుకుంది.

టైలరు గారు నిజంగానే కుమిలిపోయారు. తప్పు దిద్దుకోవడానికి గ్రూపులో సవరణ విడుదల చేశారు. "మా అల్లుడు ఇప్పుడు అక్కడ లేడు. ఎటు మార్చారో చెప్పను."

కూతురు తండ్రి ఫోను తీసి మిషను సొరుగులో పెట్టి తాళం వేసింది. "అరిచే ఓపిక కూడా లేదు నాన్నా. పాప మాట వాళ్ల నాన్న వినాలి. అంతే నాకు."

ఆ తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడూ అల్లుడి ఆచూకీ అడిగాడు. టైలరు గారు మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఈసారి నిజాయితీగా, "చెప్పను" అన్న ఒక్కమాటే చెప్పి పంపేశారు. మనిషి మారాడు. ఎవరూ గుర్తించలేదు, పాప తప్ప.

ఎన్ని ఆదివారాలు పోయాకో కూతురి ఫోను మోగింది. పాపని దగ్గరకు లాక్కుని స్పీకరు నొక్కింది.

"ఏమండీ, పాప మాట్లాడుతోంది, వినండి! చెప్పమ్మా."

"బంగారూ, నేనెవర్నే?"

పాప ఫోను వంక చూసి, తాతయ్య వంక చూసి, స్పష్టంగా అంది. "చెప్పను."

అవతల సిపాయి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఎక్కడో తెగింది. "నాన్న అంటుందండీ, నిజంగా అంటుంది..." అని ఇవతల ఈమె చెబుతూనే ఉంది. అవతల ఫోను తీసేసుకున్నారు. టైలరు గారు మిషను అడుగున బాబిన్లో దారం అయిపోయిందని కూడా చూసుకోకుండా కోటు చెయ్యంతా కుట్టేశారు. ఎత్తి చూస్తే ఊడి చేతికొచ్చింది.

ఇదండీ సంగతి. ఇంతకుముందు విన్నవాళ్లలో ఒక్కరూ పాప తర్వాతైనా నాన్నా అని పిలిచిందా అని అడగలేదు. ఆ నది పేరేమిటి అని మాత్రం అందరూ అడిగారు. మీ నాలుక చివర కూడా అదే ఉందని నాకు తెలుసు. సరే, నచ్చితే నలుగురికీ పంపండి. నది పేరు అడిగినవాళ్లకి మాత్రం రెండుసార్లు పంపండి.