సూరమ్మగారిని పక్కకు తిప్పు విధానం

మానవజాతి చరిత్రలో నిప్పు, చక్రం తర్వాత చెప్పుకోదగ్గ ఆవిష్కరణ చార్టు. నిప్పు ఆరిపోతుంది, చక్రం పంక్చరవుతుంది, చార్టుకు మాత్రం ఏమీ కాదు. ఈ సత్యాన్ని దేశంలో అందరికంటే ముందుగా గుర్తించింది మా రాయ్‌పూర్ శంకర్ నగర్‌లోని 'నిశ్చింత్ నివాస్' దీర్ఘకాల సంరక్షణ కేంద్రమే అని చెప్పడానికి గర్విస్తున్నాను. (గర్వించక తప్పదు. మా పక్కింటి అమ్మాయికి ఉద్యోగం వచ్చింది అక్కడే.)

ఆ అమ్మాయి పేరు జెస్సీ. కిందటేడే నర్సింగ్ పూర్తిచేసింది. పండరీ బట్టల బజారులో గుడ్డ కొని రెండు జతల యూనిఫాం కుట్టించుకుని, వాళ్లమ్మ విజయకుమారి చేత ప్రార్థన చేయించుకుని, సోమవారం పొద్దున్నే బయల్దేరింది. ఆరు నెలలు ప్రొబేషన్. గట్టెక్కితే పర్మనెంటు. మా రైల్వే కాలనీ వీధంతా గేట్ల దగ్గర నిలబడి చేతులూపింది.

ఆమెకు అప్పగించింది నాలుగో నంబరు మంచం. దానిమీద సూరమ్మగారు. పక్షవాతం వల్ల తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేరు. ఇలాంటివారిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే ఒత్తిడికి ఒళ్లు పుండ్లు పడుతుంది. నర్సింగ్ మొదటి ఏడాదిలోనే చెప్పే సంగతి ఇది. నివాస్ వారికీ తెలుసు. అందుకే మంచం కాళ్ల దగ్గర చార్టు వేలాడుతూ ఉంటుంది. ఎనిమిదికి ఎడమ, పదికి కుడి, పన్నెండుకు ఎడమ. ప్రతి గడిలోనూ సంతకం. జెస్సీ వెళ్లినప్పుడు టైము ఎనిమిదిన్నర. సంతకాలు మాత్రం రాత్రి ఎనిమిది దాకా అయిపోయాయి. (సమయపాలన అంటే ఇదీ.)

"కొత్త నర్సమ్మవేటి? నిన్నట్నుంచీ ఈ కుడిపక్కే తొంగున్నానమ్మా. తుంటికాడ మండిపోతంది" అన్నారు సూరమ్మగారు.

"అయ్యో మామ్మా, ఇప్పుడే తిప్పుతానుండండి" అని జెస్సీ ఆవిడను మెల్లగా ఎడమవైపు తిప్పింది. సూరమ్మగారు హమ్మయ్య అనుకునేలోపే ఫణిశ్రీ మేడమ్ వచ్చారు. ఆవిడ నర్సింగ్ ఇన్‌చార్జి. పద్దెనిమిదేళ్ల అనుభవం, అందులో పదిహేడేళ్లు పెన్నుతో.

"ఏం చేశావు జెస్సీ?"

"ఎడమకి తిప్పాను మేడమ్."

"చార్టు చూడలేదా? ఎనిమిదికే ఎడమకి తిప్పేశాం. దానిమీద నువ్వు మళ్లీ తిప్పావంటే చార్టు లెక్కన ఆవిడ ఇప్పుడు కుడిపక్కకి ఉండాలి."

"కానీ ఎడమపక్కకే ఉన్నారు కదా మేడమ్!"

"అదే కదా బేటా గడ్‌బడ్!"

నివాస్ నియమావళి, నియమం పద్నాలుగు: 'శరీరమునకును చార్టుకును తేడా వచ్చినచో, శరీరమును సరిచేయవలెను.' సరిచేశారు. సూరమ్మగారు మళ్లీ కుడిపక్కకు వచ్చారు. 'అనుమతి లేని తిప్పుడు' పేరిట జెస్సీకి మొదటి రోజే మెమో అందింది. ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

ఆ తర్వాత మేడమ్ టీకి వెళ్లినప్పుడల్లా జెస్సీ దొంగతనంగా తిప్పేది, టీ అయిపోయేలోగా మళ్లీ కుడిపక్కకే సర్దేది. టీలు చాలలేదు. గురువారానికి తుంటి మీద పుండు లేచింది. డ్రెస్సింగ్ సామాను కోసం జెస్సీ స్టోరుకు పరుగెత్తింది. స్టోరు అధికారి యుగంధర్ కంప్యూటర్‌లో వివరాలు కొట్టాడు. కంప్యూటర్ చాలా మర్యాదగా జవాబిచ్చింది: 'రోజుకు పన్నెండుసార్లు పక్క మార్చబడిన రోగికి పడక పుండు అసాధ్యం. దయచేసి మరో జబ్బును ఎంచుకోండి.'

"సిస్టమ్ తీసుకోవట్లేదు సిస్టర్" అన్నాడు యుగంధర్. "నువ్వేమో పుండుందంటావు. చార్టేమో లేదంటోంది. చార్టు మీద పన్నెండు సంతకాలున్నాయి. పుండు మీద ఒక్కటైనా ఉందా, బోలో?"

(నిజమే. సంతకం ఉన్న పుండును నేనింతవరకు చూడలేదు.)

"పోనీ, స్టాఫ్‌కి ఏదైనా అయితే ఇస్తుందా?"

"ఫటాఫట్ ఇస్తుంది. స్టాఫ్‌కి చార్టు ఉండదు కదా!"

జెస్సీ రెండో ఆలోచన లేకుండా ఫారం నింపింది. పేరు: జెస్సీ. జబ్బు: పడక పుండు. చోటు: కుడి తుంటి. కంప్యూటర్ ఆకుపచ్చగా వెలిగి, త్వరగా కోలుకోవాలని ఆకాంక్షించింది. మూడు వారాల సామాను చేతికొచ్చింది. ఇక చార్టు ఏమన్నా లెక్కచేయకుండా, మేడమ్ చూస్తుండగానే రెండు గంటలకోసారి తిప్పింది. మెమోలు పదకొండయ్యాయి. పుండు మానింది.

"నీ కడుపు సల్లగుండ, మంట పోనాదమ్మా! ఇయ్యాల ఇడ్లీ ఇంకోటెట్టించుకున్నాను" అన్నారట సూరమ్మగారు. సాయంత్రం జెస్సీ వచ్చి ఆ మాట చెబితే నేను గుమ్మంలోనే గంతేశాను. నా వయసుకు అది తగదని మా ఆవిడ అంది.

నెలాఖరున కంప్యూటర్ నివేదిక పైకి వెళ్లింది. ఒక నర్సుకు ఇరవై ఒక్క రోజులపాటు పడక పుండు! విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షులు దుర్గారావుగారు. సిల్తారా ఫ్యాక్టరీలో ఉక్కు దిమ్మెలు తనిఖీ చేసి రిటైరైనవారు కనుక, కదలకుండా పడివుండే వాటి గురించి ఆయనకు లోతైన అవగాహన ఉంది.

"నాకు పుండేమీ లేదు సార్. కావాలంటే మేడమ్ చూడొచ్చు" అంది జెస్సీ.

"చూడ్డమెందుకమ్మా, రికార్డులో ఉంటే!" అన్నారాయన ఎంతో వాత్సల్యంతో.

తీర్పు ఒక్క పేజీ. పడక పుండు కదలకుండా పడుకున్నవారికే వస్తుంది కనుక, కుమారి జెస్సీ చేరిన నాటినుంచి డ్యూటీలో పడుకునే ఉన్నట్టు రుజువైంది. ప్రొబేషన్ రద్దు. అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. జెస్సీ ఏడ్చింది, కళ్లు తుడుచుకుంది, సంఘాన్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"రేపట్నుంచి మామ్మను ఎవరు తిప్పుతారు సార్?"

సంఘం ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. అరగంట చర్చించి, తీర్పు కింద ఒక వాక్యం చేర్చింది: కొత్త నర్సును నియమించేవరకు, సూరమ్మగారిని పక్కకు తిప్పే బాధ్యత చార్టుకే అప్పగించడమైనది.