పైనుంచి కిందికే కొలవాలి

ఇకపై ఏ సౌరఫలకాన్నీ కింది నుంచి పైకి కొలవరాదని పరిశోధనా సంస్థ డైరెక్టరుగారు ఉత్తర్వు జారీ చేశారు. కారణం న్యాయమైనదే. అలా కొలిస్తే అంకె తగ్గుతోంది.

ఆ పాపం చేసింది కొత్తగా చేరిన పరిశోధకురాలు. ఆవిడ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, నోరు మాత్రం ఎప్పుడో ఖాయమైపోయింది. ఆవిడ గాజుపలక మీద ఓ పల్చటి పొర పూసింది. ఎండ పడగానే అందులో ఎలక్ట్రాన్లు లేచి తీగ వైపు పరుగెత్తాలి. వోల్టేజీని పైనుంచి దించుతూ కొలిస్తే, పొరలో మసలే అయాన్లు పెద్దాయన కారు చూసిన గుమస్తాల్లా పక్కకు తప్పుకుని వాటికి దారి ఇచ్చేవి. కింది నుంచి పెంచుతూ కొలిస్తే అవే అడ్డం నిలబడేవి. పాపం ఎలక్ట్రాన్లు ఏ గుంటలోనో పడి, తీగ మొహం చూడకుండానే చల్లారిపోయేవి. అలా ఒకే పలక మీద పడ్డ ఎండలో కరెంటుగా మారేది నూటికి ఇరవై అనీ, పన్నెండు అనీ రెండు అంకెలు వచ్చాయి.

"నివేదికలో రెండూ వేద్దామండీ. రోజూ వాడితే వచ్చేది పన్నెండే," అందావిడ.

"ఫొటోకి మనం మంచి వైపే కదమ్మా తిరుగుతాం? దీనికెందుకు అన్యాయం చేస్తావు?" అన్నారు డైరెక్టరుగారు. ఆయన మర్యాదస్తులు, బెదిరించడం తెలియదు. "నీ ఫైలు నా బల్ల మీదే ఉంది సుమా," అని మాత్రం గుర్తుచేశారు.

ఆవిడకు ఒళ్లు మండింది. కానీ అత్తగారి కంటి ఆపరేషన్ గుర్తొచ్చి నోరు మూసుకుంది.

ప్రదర్శన రోజున పలకల్ని ఎండలో పరిచి, వాటి కరెంటుతో ముఖ్య అతిథి నెత్తిమీద ఫ్యాను తిప్పారు. 'ఇరవై' అని బంగారు రంగులో అచ్చేసిన అట్టలు అందరికీ పంచారు. "మన ఎలక్ట్రాన్లు క్రమశిక్షణకు మారుపేరు! బయల్దేరితే ఆగవు!" అని డైరెక్టరుగారు గర్జిస్తుండగా ఫ్యాను ఆగింది. సభ యావత్తూ ఆ అట్టలతోనే విసురుకుంది. ఇరవై నుంచి గాలి రావడం అదే మొదలు.

"ఏమైందమ్మా?" అన్నాడు అతిథి పలకల పక్కనున్న పరిశోధకురాలితో, చెమట తుడుచుకుంటూ.

ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. "పన్నెండంటే ఇదేనండీ," అనేసింది.

వెంటనే విచారణ సంఘం వేశారు. సంస్థ ప్రతిష్ఠను సంఘం పైనుంచి కిందికి కొలిచి, చెక్కుచెదరలేదని తేల్చింది. తప్పును మాత్రం కింది నుంచి పైకి కొలవాలని తీర్మానించింది. మొదటి మెట్టు మీదే ఆవిడ దొరికింది కనుక ఇంకా పైకెక్కే శ్రమ లేకపోయింది.

సాయంత్రం ఆవిడ సంచి భుజాన వేసుకుని, అత్తగారికి ఏం చెప్పాలో తోచకుండానే బయటికి నడిచింది. ఆ రెండో అంకె నిజమని తెలిసిన సహోద్యోగులంతా వసారాలో చక్కగా పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వాళ్లనేం అనకండి. అక్కడుంటే మనం ఇంకాస్త ముందే తప్పుకునేవాళ్లం.