రసజ్ఞ కంప్లెయింట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది

నవల చివర్లో ప్రేమికుల్ని కలిపేసే రచయితల మీద కేసు పెట్టాలని నా అభిప్రాయం. విడదీసే వాళ్ల మీద కూడా. కలిపారో విడదీశారో చెప్పకుండా పుస్తకం ముగించే వాళ్లకు మాత్రం శాలువా కప్పి, హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ కట్టాలి!

కోప్పడకండి. కారణం చెబుతాను.

తెల్లాపూర్‌లో మా గేటెడ్ కమ్యూనిటీకి ఒక బుక్ క్లబ్ ఉంది. రిటైరైన తెలుగు లెక్చరర్ రాజరాజేశ్వరి గారు దాన్ని నడుపుతారు. ఈ నెల ఆవిడ మా చేత ఒక కొత్త నవల చదివించారు. రసజ్ఞ అనే అమ్మాయి పదో తరగతి నుంచి మొదటి ఉద్యోగం దాకా పెరగడమే కథ. ట్యూషన్‌కు వెళ్తుంది, ఇంజనీరింగ్‌లో ఫెయిలవుతుంది, నాన్నతో పోట్లాడుతుంది, చివరికి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మూడొందల పేజీల పొడుగునా పక్కింటి ఆకాష్‌తో అన్నీ మాట్లాడుతుంది, ఆ ఒక్క మాట తప్ప. ఆఖరి పేజీలో లింగంపల్లి స్టేషన్. ఆకాష్ వేరే ఊరు వెళ్లిపోతున్నాడు. రసజ్ఞ పరుగెత్తుకుంటూ మెట్లు దిగింది. అతని ఎదురుగా నిలబడింది. నోరు తెరిచింది.

అంతే. నవల అయిపోయింది! పేజీ తిప్పితే ప్రెస్సు అడ్రసు. అందులో ఏమైనా చెప్పారేమోనని దాన్ని కూడా రెండుసార్లు చదివాను.

అన్నట్టు, ఈ వ్యాసానికీ, మా క్లబ్ సభ్యురాలు జయంతి గారు నెలాఖరుకు పుణె వెళ్లిపోతుండటానికీ ఎలాంటి సంబంధమూ లేదు. రేపు ఎవరైనా కలుపుతారేమోనని ముందే చెబుతున్నాను.

ఇక ఈ అర్ధాంతరపు ప్రేమ వల్ల సమాజానికి ఎంత మేలు జరిగిందో వినండి. మా పై ఫ్లోర్‌లో కళ్యాణి, వినయ్ అని భార్యాభర్తలు ఉన్నారు. ఇద్దరిదీ వర్క్ ఫ్రం హోమే. ఆయన ఈ గదిలో, ఆవిడ ఆ గదిలో. భోజనానికి కూడా మీటింగ్ ఇన్వైట్ పంపుకునే అన్యోన్య దాంపత్యం! అలాంటి వాళ్లు రసజ్ఞ చెప్పిందా లేదా అని మూడు గంటలు వాదించుకున్నారు. పెళ్లయ్యాక అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదటిసారట. పాపం, ఇద్దరి గొంతులూ పోయాయి.

స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆడవాళ్లు రెండు పార్టీలయ్యారు. ఒకటి 'చెప్పింది' పార్టీ, రెండోది 'చెప్పలేదు' పార్టీ. జిమ్‌లో జనం ట్రెడ్‌మిల్ ఆపేసి దాని మీదే నిలబడి ఆఖరి పేజీ చదువుతున్నారు. అసోసియేషన్ ఎన్నికలకు ఎన్నడైనా ఇంత చైతన్యం చూశామా?

అన్నిటికన్నా ఎక్కువ ఉపకారం పొందింది శ్యామ్. కొండాపూర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్. తేలని విషయం ఏది కనపడినా అతనికి నిద్ర పట్టదు. ఐదు రకాల ముగింపులు రాసి, ఏది జరగడానికి ఎంత శాతం అవకాశం ఉందో ఎక్సెల్ షీట్ వేశాడు. దాంతోనూ మనసు ఊరుకోక, గురువారం మా కమ్యూనిటీ యాప్‌లో బుక్ క్లబ్ గ్రూపు తెరిచి తన ఆవేదన రాశాడు. రాశాననుకున్నాడు. తీరా అది వెళ్లింది కంప్లెయింట్స్‌లోకి. పైపు లీకులూ లిఫ్టు మొరాయింపులూ పెట్టే చోట!

"రసజ్ఞ స్టేషన్‌లో నిలబడే ఉంది. ఆకాష్ ఎదురుగానే ఉన్నాడు. ఏమైందో ఎవరూ చెప్పడం లేదు. ఇలా వదిలేయడం బాధ్యతారాహిత్యం. వెంటనే తేల్చండి."

మా దగ్గర కంప్లెయింట్ పడితే నలభై ఎనిమిది గంటల్లో తేల్చి క్లోజ్ చేయాలి. లేకపోతే అది ఎర్రగా మారి సెక్రటరీకి వెళ్తుంది. మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ మొగిలి తెల్లాపూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి, పని దగ్గర రాక్షసుడు. ఇంతవరకూ ఒక్క కంప్లెయింట్‌ని కూడా ఎర్రబడనివ్వలేదు. శనివారం సాయంత్రం మా బుక్ క్లబ్ నడుస్తుండగా చెమటలు కక్కుతూ వచ్చాడు.

"శ్యామ్ సార్, రసజ్ఞ మేడం ఏ బ్లాకు? రెండు దినాల సంది దేవులాడుతున్న. ఇంటికొచ్చిందా లేదా? సీ బ్లాకుల ఆకాష్ సార్ ఉన్నడని పోయి అడిగితే, వాళ్ల మేడం రసజ్ఞ ఎవరని సార్‌నే బయటికి పంపింది. ఇప్పుడు గాయన లాబీల కూసున్నడు."

శ్యామ్ గబుక్కున లేచాడు. "అది నవల మొగిలీ. కథ. పొరపాటున అక్కడ పెట్టేశాను. క్లోజ్ చేసెయ్."

"కథనా? జర ముందుగాల చెప్పొద్దా సార్, ఎంత పరేషాన్ అయిన!" అని మొగిలి వెనక్కి తిరిగాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అయితే గా పిల్ల చెప్పిందా, లేదా?"

"తెలియదు," అన్నాం అందరం ఒక్కసారే.

"తెల్వదా? మరి తెల్వకుండ నేనెట్ల క్లోజ్ చేస్త?"

చూశారా! నవలంటే గిట్టని మనిషిని కూడా పాఠకుణ్ని చేసింది. సుఖాంతం వల్ల అవుతుందా ఈ పని?

అప్పుడే జయంతి గారు నోరు విప్పారు. "నాకొకటి అర్థం కాలేదండీ. ప్రతిసారీ రసజ్ఞే ఎందుకు నోరు తెరవాలి? ఆ అబ్బాయికి నోరు లేదా? ఎదురుగా నిలబడి అతనేం చేస్తున్నాడండీ?"

అడిగింది అందరినీ. చూసింది నన్ను.

నేను వెంటనే లేచి సాహిత్యం మాట్లాడాను. "జయంతి గారూ, ప్రశ్న మిగిలితేనే కదండీ పుస్తకం బతికేది!" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఆవిడ "అలాగేనండీ" అని పుస్తకం సంచిలో పెట్టేసుకుంది. బయటికి వస్తుంటే రాజరాజేశ్వరి గారు నా భుజం తట్టి, "ఉపన్యాసాలు బాగానే వచ్చు రవికిరణ్ నీకు. మాటే రాదు," అన్నారు. పెద్దావిడ, ఏదో అంటారు.

జయంతి గారి గురించి వచ్చింది కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. మా ఇద్దరి ఆఫీసులూ ఒకే రోడ్డులో ఉన్నాయి. ఆరేళ్లుగా ఒక వారం ఆవిడ కారు, ఒక వారం నా కారు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఏం మాట్లాడుకోలేదని? వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషన్, నా చెడిపోయిన పెళ్లిచూపులు, ఎవరి టిఫిన్ సెంటర్లో ఇడ్లీలో సోడా ఎక్కువేస్తారు, అన్నీ! 'గారు' దాటలేదు, 'అండీ' దాటలేదు. ఎప్పుడో ఒకసారి నేను అడిగేసి ఉంటే ఏమయ్యేది? ఆవిడ కాదనేది. మర్నాడు కారెక్కేది కాదు. అడగలేదు కాబట్టే కదా ఆరేళ్ల కార్‌పూల్ చెక్కుచెదరకుండా నడిచింది! తేల్చకపోవడంలో ఉన్న గొప్పతనానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

సోమవారం నా కారు వంతు. తెల్లాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. ఇడ్లీల ప్రస్తావన తెచ్చాను. లాభం లేదు.

సాయంత్రం పార్కింగ్‌లో మొగిలి ఎదురయ్యాడు. "సార్, ఒకటో తారీఖు సంది మీ పక్క పార్కింగ్ ఖాళీ. జయంతి మేడం సామాన్ల లారీకి గేట్ పాస్ తీసుకున్నరు. మీ రెండో బండి ఉంటే పెట్టుకోండ్రి."

నాకు రెండో బండి లేదని చెప్పాను.

"గా రసజ్ఞ సంగతేమైంది సార్?"

"తేలలేదు మొగిలీ."

"ఆ పోరనికి జర ఫికర్ లేదా సార్? రైలు పోయినంక ఎవల్ని అడుగుతడు?"

పక్కనే ఆవిడ కారు ఉంది. వెనక సీట్లో నా గొడుగు, పోయిన వర్షాకాలం మర్చిపోయింది, అలాగే మడిచి ఉంది. అప్పుడు ఆకాష్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మూడొందల పేజీలు తిన్నగా పెరిగి, ఆఖరి పేజీలో దిష్టిబొమ్మలా నిలబడతావా, వెధవా!

పాఠకులారా, ఇక్కడ ఒక సవరణ. ఈ వ్యాసానికీ జయంతి గారి పుణె ప్రయాణానికీ సంబంధం లేదని పైన రాశాను. ఉంది. ఆ సంబంధం తప్ప ఇందులో ఇంకేమీ లేదు. ఆవిడ ప్రతి ఆదివారం కాఫీ తాగుతూ నా కాలమ్ చదివి, తప్పులన్నీ ఏరి వాట్సాప్‌లో పంపుతుంది. ఈ ఆదివారం కూడా చదువుతుంది. మీరు కాసేపు సినిమా పేజీకి వెళ్లిరండి.

జయంతి గారూ, తప్పులు ఏరడం మొదలుపెట్టే ముందు ఇది చదవండి. పుణె వెళ్లొద్దని అనను. ఉద్యోగం మంచిది, వెళ్లాల్సిందే. మా కంపెనీకి కూడా అక్కడ ఆఫీసు ఉందట, మొన్న హెచ్ఆర్‌ని అడిగి కనుక్కున్నాను. నన్నూ రమ్మంటారా? కార్‌పూల్ కోసం కాదు. మీరంటే ఇష్టం. ఆరేళ్లుగా.

పాఠకులారా, వచ్చారా? ఆవిడ ఏం జవాబిచ్చిందో తెలుసుకోవాలని ఉంది కదూ? ప్రశ్న మిగిలితేనే పుస్తకం బతుకుతుందని మొన్ననే ఉపన్యసించిన వాణ్ని, మీకు చెప్పేది లేదని ఠీవిగా ముగిద్దామనుకున్నాను.

ముందు నాకు తెలియాలి కదండీ! మీరిది చదివే వేళకు నేను ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటాను. ఆ నవల రాసినావిడ మీకు ఎక్కడైనా కనిపిస్తే, శాలువా సంగతి తర్వాత చూద్దాం, ఇంకొక్క పేజీ రాయమనండి. ఒక్క పేజీ చాలు.