చిలకపచ్చ బొట్లు

కొండాపూర్ ఫ్లాట్లో బాలు తలపెట్టే ప్రతి పనీ "పది నిమిషాల పని" అనే మాటతోనే మొదలవుతుంది. ఎలా ముగుస్తుందో అతని భార్య ప్రవీణకు తెలుసు కనక, ఆ మాట వినగానే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

ఈసారి సంగతి అక్క చీర. భీమవరంలో ఉండే అమ్మణ్ణి, వరలక్ష్మీ వ్రతానికి కట్టుకోమని మరదలికి చిలకపచ్చ పట్టుచీర పంపింది. మదీనాగూడ టైలరు జాకెట్టు సమయానికి ఇవ్వలేదు. శుక్రవారం పొద్దున ప్రవీణ తన జరీ అంచు ఎర్రచీర కట్టుకుని పూజ కానిచ్చింది. ఫొటోలు బాలు తీశాడు. ఆదివారం అక్క ఫోన్ చేసి, "వ్రతం ఫొటోలన్నీ పంపరా, మా వీధిలో వాళ్లకి నా చీర చూపించాలి" అంది.

బాలు సరేనని ఫోను పెట్టేశాడు. క్రితం ఏడు ఆవిడ పంపిన కుంకుమభరిణె అలమరలోనే ఉండిపోయిందని తెలిసి మూడు నెలలు మాట్లాడలేదు. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఆ మూడు నెలలూ అతనికి అన్నం సయించలేదు.

"పొద్దున జాకెట్టు రాలేదని చెప్తే పోతుంది కదండీ. సాయంత్రం..." అంది ప్రవీణ.

"నువ్వుండు. నమ్మదు. అదృష్టం కొద్దీ నేను రా ఫైళ్లలో తీశాను."

"అంటే?"

"ఫోను తన సోకులేవీ పుయ్యకుండా లెన్సు చూసినదంతా దాచి పెడుతుంది. రంగులు మనం ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. ఎరుపును పచ్చ చేసేస్తాను. పది నిమిషాల పని. నేను చూసుకుంటాగా."

ప్రవీణ కుర్చీ లాక్కుంది.

ఫొటోలు దిద్దే యాప్‌లో ఎరుపు గీతను పచ్చవైపు జరపగానే చీర చక్కగా చిలకపచ్చ అయింది. దాంతోపాటు ప్రవీణ బొట్టూ, పెదవులూ, అమ్మవారి మందారాలూ అయ్యాయి. పూజకొచ్చిన అయిదుగురు ముత్తయిదువులూ పచ్చబొట్లతో ఏదో కొత్త పార్టీలో చేరినట్టున్నారు.

పనిమనిషి కొమురమ్మ చీపురు ఆపి తొంగిచూసింది. "గిదేంది సారూ, అమ్మకు గిట్లయింది? దవాఖానకు తీస్కపోయిన్రా?"

ఇక బాలు వేలితో ఒక్కో నుదుటికీ మళ్లీ కుంకుమ దిద్దడం మొదలుపెట్టాడు. ముప్పై ఆరు ఫొటోలు. సోమవారం ఆఫీసు క్యాబ్‌లో అతను ఫోనులో ఎవరో ఆడమనిషి నుదురు పెద్దది చేసుకుని వేలితో రుద్దుతుంటే, పక్కనున్న టీమ్ లీడ్ కృష్ణప్రియ బ్యాగు మధ్యలో పెట్టుకుని కిటికీ వైపు జరిగింది. మంగళవారం ఫోను వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది. బుధవారానికి అతని మెడ పట్టేసింది.

"అన్నం చల్లారిపోతోందండీ."

"ఇంకా పదకొండు బొట్లున్నాయి" అన్నాడు నీరసంగా.

గురువారం సాయంత్రం ఫొటోలు వెళ్లాయి. కాసేపటికే అక్క ఫోన్ మోగింది. బాలు చెయ్యి ఎత్తలేక స్పీకరులో పెట్టాడు.

"బాగున్నాయిరా. కానీ ప్రవీణ వ్రతం రోజు సాయంత్రమే పంపిన ఫొటోలో నా చీరకి వంగపండు అంచుంది. వీటిలో జరీ అంచేంటి?"

బాలు భార్యవైపు తిరిగాడు. మెడ రాదు కనక మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది.

"సాయంత్రం జాకెట్టొచ్చింది. మీ అక్క చీర కట్టుకునే హారతిచ్చాను. మీరు క్లయింటు కాల్‌లో ఉంటే కొమురమ్మ తన ఫోనుతో తీసింది" అంది ప్రవీణ గొంతు తగ్గించి. "ఆదివారం చెప్పబోయాను. నువ్వుండు అన్నారు."

"ఏరా, ఒకే రంగువి రెండు చీరలా?" అక్క వదల్లేదు.

"మీ తమ్ముడికి ఆ రంగంటే ప్రాణం వదినా" అంది ప్రవీణ. "నేను ఎర్రచీర కట్టుకున్నా ఆయన కళ్లకు చిలకపచ్చే."

అవతల అక్క గొంతు కరిగిపోయింది. "వెర్రినాగన్న, నాకెప్పుడూ చెప్పలేదే. దీపావళికి వాడికీ అదే రంగు పట్టు చొక్కా కుట్టించి పంపుతాను. వేసుకుని ఆఫీసుకెళ్లిన ఫొటో పంపమను."

"తప్పకుండా వదినా" అంది ప్రవీణ. "ఆ ఫొటో మాత్రం కొమురమ్మ చేత తీయిస్తాను."