ముప్ఫై ఎనిమిదో రోజున పడిన గోడ

ఆ రోజు ఉదయం లెక్కల టీచరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరున్నరకల్లా వంట ముగించాలి. ఏడింటికి మేస్త్రికి ఫోన్ చెయ్యాలి. అతను ఎత్తకపోతే ఎనిమిదింటికి బడికి వెళ్లిపోవాలి. గత ముప్ఫై ఏడు రోజులుగా ఆమె ఈ ప్రణాళికను పొల్లుపోకుండా అమలు చేస్తోంది.

వంటిల్లు కాస్త పెద్దది చేద్దామని పెరటివైపు గోడ పడగొట్టించారు. పడగొట్టడం ఒక్క పూటలో అయిపోయింది. కొత్త గోడ మోకాళ్ల ఎత్తుకు లేచాక మేస్త్రి "ఇసుక చాల్లేదమ్మా, చూసొస్తా" అని వెళ్లాడు. ఆ తరువాత ఇసుకా రాలేదు, మేస్త్రీ రాలేదు. ఖాళీలో కట్టిన పరదా గాలికి టపటపలాడుతూ ఉండిపోయింది. పొయ్యి పడకగదిలోకి, గిన్నెలు స్నానాల గదిలోకి మారాయి. వీధిలోని పిల్లులకు ఆ ఇల్లు దగ్గరిదారి అయింది. టీచరు భర్త ఆఫీసులో సీట్లో కూర్చోగానే, పక్క సీటాయన గాలి పీల్చి "ఇవాళ ఉల్లిపాయలా?" అని అడుగుతున్నాడు.

ఆమె నంబరు చూస్తే మేస్త్రి ఎత్తడు. భర్త నంబరు చూస్తే కట్ చేస్తాడు. అందుకని ఆ రోజు ఆమె మామగారి ఫోన్ తీసుకుంది. మేస్త్రి భార్య ఎత్తింది.

"ఆయన ఊళ్లో లేరండి. వాళ్ల పెద్దమ్మ పోయింది."

"పోయిన నెల కూడా పోయిందిగా?"

"ఆవిడ చిన్నమ్మండి."

ఆ తరువాత వచ్చిన మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో టీచరుకే తెలియదు. "సరే, ఆయనతో ఒక్క సంగతి చెప్పండి. ఆయన కట్టిన గోడ కూలింది. మా మామగారి కాలు మీద పడింది."

అవతల, పోయిన పెద్దమ్మను మరిచిపోయి, "ఏవయ్యో! లే, ముందు లే!" అన్న కేక వినిపించింది.

టీచరు ఫోన్ పెట్టేసి భర్త వైపు చూసింది. "ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాడు."

"వచ్చి గోడ చూడడూ? అది నిక్షేపంలా నిలబడి ఉంది కదా!"

ఇద్దరూ వెళ్లి, వంగి, గోడకు భుజాలు ఆనించారు. మూడు లెక్కపెట్టి తోద్దామనుకున్నారు. రెండుకే పడింది. అంత సులువుగా పడినందుకు ఇద్దరికీ కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

మామగారు ముందుగదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆయన పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. కోడలు పాత దుప్పటి చింపి మోకాలి నుంచి మడమ దాకా కట్టు కడుతుంటే ఆయన ముఖం ఎర్రబడింది.

"ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క అబద్ధం చెప్పినవాణ్ణి కాదమ్మా నేను."

"మీరేం చెప్పక్కర్లేదు మావయ్యా. పడుకుంటే చాలు."

మేస్త్రి పద్దెనిమిది నిమిషాల్లో వచ్చాడు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పి ఉన్నాయి. పడిన ఇటుకలను ఓసారి చూశాడు, మంచం దగ్గర కూలబడ్డాడు. "పెద్దయ్యా, నా చేతులు విరగ! ఎంత పని జరిగిపోయింది!" అని నిజంగానే ఏడ్చాడు. మామగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

టీచరుకు జాలేసింది. అయినా తమాయించుకుంది. "జరిగిందేదో జరిగింది మేస్త్రీ. పని మొదలుపెట్టు."

"పనా?" మేస్త్రి తలెత్తి చూశాడు. "పెద్దయ్య ఇలా పడి ఉంటే పక్కన సుత్తి చప్పుడు చెయ్యమంటారా టీచరమ్మా? ఆ దుమ్మొకటి! నేను మనిషినా, మానునా? ఆయన లేచి నడిచాకే తాపీ పట్టుకుంటా."

అలా ముప్ఫై ఏడు రోజులు జాడలేని మనిషి ఇక ప్రతిరోజూ రావడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటికి వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుంటే సాయంత్రం దాకా కదలడు. మధ్యలో రెండుసార్లు టీ. మామగారి చదరంగం బల్ల అటక మీద నుంచి దిగింది. మూడో రోజున ఆడపడుచు పెట్టెతో సహా దిగింది.

"మా నాన్నను ఈ గాలిలో పడుకోబెట్టావా వదినా? గోడైనా లేదే!"

రాత్రి వంట సామాన్ల మధ్య చాప పరుచుకుంటూ భర్త నెమ్మదిగా అడిగాడు. "చెల్లికి నిజం చెప్పేద్దామా?"

"చెప్పండి. రేపు ఉదయానికి మనం చెప్పాల్సినవాళ్లు ఇంకెవరూ మిగలరు."

అతను ఆ ఆలోచన మానుకున్నాడు. మర్నాడు మేస్త్రి దగ్గర మరో దారి తొక్కాడు. "శనివారానికల్లా నడిపించొచ్చని డాక్టరు అన్నాడు" అని చెప్పి చూశాడు.

"శనివారమా! ఎముక దెబ్బ బాబూ, తొందరపడకండి. మా బావమరిది ఆర్నెల్లు మంచం దిగలేదు" అన్నాడు మేస్త్రి. మామగారు ఆ మాటకు తల ఊపారు. ఆయనకు ఆట రసపట్టులో ఉంది.

ఆరో రోజు మధ్యాహ్నం టీచరు బడి నుంచి వచ్చేసరికి మామగారు మేస్త్రి ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "మేస్త్రా? ఆయన ఆసుపత్రిలో ఉన్నారమ్మా. ఏమో, ఇప్పుడే చెప్పలేం." ఎదురుగా మేస్త్రి ఏ పావు కదపాలా అని గడ్డం గోక్కుంటున్నాడు.

"మావయ్యా! ముప్ఫై నాలుగేళ్లు ఒక్క అబద్ధం కూడా…"

"అది సర్వీసులో ఉన్నప్పుడమ్మా."

ఈ భాగోతం పదో రోజున ముగిసింది. ఆ ఉదయం ఆడపడుచు గుడికెళ్లింది, మేస్త్రి ఎప్పటికన్నా గంటన్నర ముందొచ్చాడు. అప్పుడే ఓ పిల్లి పాలగిన్నెలో మూతి పెట్టింది, మామగారు కట్టు ఉన్న కాలితోనే దాన్ని తరుముకుంటూ పెరట్లోకి దూకారు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో మేస్త్రి. టీచరు చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

మేస్త్రి అరవలేదు. వెళ్లి ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు.

"మా పెద్దమ్మను ఇప్పటికి తొమ్మిదిసార్లు చంపుంటానమ్మా. ఒక్కరూ పట్టుకోలేదు. నాకే ఒకరు ఇలా చెబుతారని అనుకోలేదు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మొదటి రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు."

"తప్పే మేస్త్రీ," అంది టీచరు. ఆమెకు నిజంగానే సిగ్గేసింది. "మరి నువ్వెందుకు రాలేదు?"

"నాలుగిళ్లు ఒప్పుకున్నా. ఒకింటికి వెళితే మూడిళ్లవాళ్లు తిడతారు. ఏ ఇంటికీ వెళ్లకపోతే ఇంట్లో కాస్త పడుకోవచ్చు." ఇటుకల వైపు చూశాడు. "మరి గోడ ఎలా పడింది?"

"మేమే తోశాం. ఇద్దరం."

"గునపంతోనా?"

"భుజాలతో. రెండు లెక్కపెట్టేసరికి పడిపోయింది."

అంతవరకు పడిన బాధంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. మేస్త్రి ముఖం నల్లబడింది. చొక్కా విప్పి పరదా కర్రకు తగిలించి, "నీళ్లు పెట్టండమ్మా" అన్నాడు.

ఆడపడుచు తన సేవ వల్లే తండ్రి లేచాడని వీధంతా చెప్పి ఊరెళ్లింది. గోడ నాలుగు రోజుల్లో భుజాల ఎత్తుకు లేచింది. ఈసారి ప్రతి వరసకూ మేస్త్రి గోడ నిటారుగా ఉందా అని తూకపు గుండు వేలాడదీసి, ఓ కన్ను మూసి చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా గోడ పక్కనే తింటున్నాడు. అప్పుడప్పుడు భుజంతో తోసి చూస్తున్నాడు.

అయిదో రోజు ఆదివారం. వీధి తలుపు కొట్టిన చప్పుడైంది. టీచరు తీసేసరికి ఎదురుగా ఒకావిడ నిలబడి ఉంది. జుట్టులో సున్నపు పొడి. చేతిసంచిలో తువ్వాలు, సబ్బుపెట్టె, దువ్వెన కనిపిస్తున్నాయి.

"మేస్త్రి మీ ఇంట్లో ఉన్నాడని ఎవరో చెప్పారండి. మా స్నానాల గదికి తలుపు ఊడదీసి వెళ్లాడు. ఇరవై ఆరు రోజులైంది. రోజూ మా అక్కావాళ్లింటికి వెళ్లి స్నానం చేసొస్తున్నాం. ఫోన్ చేస్తే ఆసుపత్రిలో ఉన్నాడని ఒక పెద్దాయన అంటాడు."

లోపల తాపీ చప్పుడు ఆగిపోయింది. పేపరు వెనక మామగారి దగ్గు కూడా ఆగిపోయింది.

టీచరు ఆమె కళ్ల కింద నలుపు చూసింది. ఆ నలుపు ఆమెకు బాగా తెలుసు. రమ్మని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వాలనిపించింది. అటు వంటింట్లో ఇంకా పై సగం గోడ మిగిలి ఉంది.

"లేడండి," అంది టీచరు. "మా ఇంట్లో కూడా సగంలో వదిలేసి పోయాడు."

"అయ్యో, మీకూ అంతేనా?" ఆవిడ జాలిగా టీచరు చెయ్యి పట్టుకుంది. సంచిలోంచి చీటీ తీసి ఫోన్ నంబరు రాసిచ్చింది. "ఎప్పుడైనా కనిపిస్తే ఒక్క మాట చెప్పండి. మనలాంటి వాళ్లకు మనమే కదా!" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

టీచరు తలుపు వేసింది. లోపల తాపీ మళ్లీ కదిలింది, ఇదివరకటి కన్నా కాస్త మెల్లగా. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచింది.

గోడ పూర్తయి, పూత ఆరి, రంగు కూడా వేయించాక ఆవిడకు తప్పకుండా ఫోన్ చెయ్యాలని ఆమె మనస్ఫూర్తిగా అనుకుంది.