గడియారానికి వాహనపూజ

స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర వైశాఖ బహుళ పక్షాన, శుక్రవారం ఉదయాన, యాసంగి వడ్ల రాసుల మీదుగా లేచిన మార్కెట్ యార్డు ధూళి గగనమండలాన్ని కప్పుతుండగా, అరవై ఐదవ నంబరు జాతీయ మహాపథం మీద లారీల హారన్లు రణభేరులై మ్రోగుతుండగా, ఆటోలవారి కేకలకు దిక్కులు పిక్కటిల్లుతుండగా, సూర్యాపేట మహాపట్టణంలో, బస్టాండు వెనక సందులో, ఆరడుగుల వెడల్పూ తొమ్మిదడుగుల లోతూ గల ఒక దుకాణంలో ఘోర సంగ్రామం జరిగింది. ఆ సంగ్రామంలో ఒక పక్షాన గడియార విద్యావిశారదుడు, సూక్ష్మయంత్ర హృదయవేత్త, పట్టకారుపాణి అయిన మధుసూదన్ నిలిచాడు. రెండవ పక్షాన ఒక కుంకుమ రేణువు నిలిచింది.

ఆ మధుసూదన్ ఎవరయ్యా అంటే, నేనే. వెనకటి రాజులను పొగడడానికి వందిమాగధులుండేవారు. నన్ను పొగడమంటే మా ఇంట్లోవాళ్ళే కిసుక్కున నవ్వుతారు గనుక నా వీరగాథను నేనే గానం చేసుకుంటున్నాను. ఇందులో అతిశయోక్తి ఏమైనా కనిపిస్తే అది కవి తప్పు, వీరుడి తప్పు కాదు.

ముందు ఆ గడియారం పుట్టుక వినండి. పాలకీడు దగ్గరి తండాలో పుట్టి, కోదాడలో హైవే పక్కన కార్ల గ్యారేజీ పెట్టి, ఏ బానెట్ ఎత్తినా క్షణంలో రోగం చెప్పగల యంత్రవైద్య ధురంధరుడు సంజీవ్ అని ఒకాయన ఉన్నాడు. మూడు నెలల కింద ఆయన నా దుకాణానికి వచ్చి, ఫోనులో ఒక విదేశీ గడియారం బొమ్మ చూపించాడు. పందెపు కార్లను చూసి రూపకల్పన చేసిన గడియారమట. దాని ధరకు గరిడేపల్లిలో పొలం వస్తుందట. సెల్లుతో నడిచేది వద్దు, కీ ఇచ్చేదే కావాలి, కట్టుకుంటే చేతికి కారు కట్టుకున్నట్టుండాలి, అట్లాంటిది చెయ్యగలవా అన్నా అని అడిగాడు. ఇది కుదిరితే తన గ్యారేజీకి వచ్చే షోకిలా వాళ్ళకు ఇంకా చేయిస్తానన్నాడు. బుద్ధి ఉన్నవాడెవడైనా ఒక రోజు టైమ్ అడుగుతాడు. నేను ఆయన ప్రశ్న పూర్తి కాకముందే సరేనన్నాను.

ఇక్కడ వీరుడి రథాన్ని కూడా వర్ణించాలి కదా. నాది ఒక ముసలి మోపెడ్. దాని మీద నేను ఎక్కి తిరిగిన దూరం కంటే దాన్ని తోసుకుంటూ నడిచిన దూరమే ఎక్కువ. అటువంటి నేను, వాయువేగ మహాశకటాలను వీడియోల్లో తప్ప కన్నెత్తి చూసి ఎరుగని నేను, మూలపడ్డ మూడు కీ గడియారాల అవయవాలేరి ఒక్క ప్రాణిగా కూర్చి, ముఖఫలకాన్ని స్పీడోమీటరుగా మలచి, నిమిషాల ముల్లుకు నెత్తురు వన్నె పూసి, కీ తిప్పే బుడిపెను చక్రపు నట్టు ఆకారాన చెక్కించి, సీటు కవర్లు కుట్టే వాడిచేత జంట కుట్ల తోలుపట్టీ కుట్టించి, లేత్ మిషన్ మీద కేసును మూడుసార్లు తిప్పించి, అంతటితో తృప్తి పడక, వేగశకటాలకు ముందు జాలీ ఉంటుంది గదా అని, ఆ కేసు చుట్టూ ముప్పై రెండు సూక్ష్మరంధ్రాలు తొలిచాను. కారుకు ఇంజన్ వేడెక్కుతుంది గనుక గాలి కావాలి. నా గడియారంలో వేడెక్కేది ఏదీ లేదు. ఆ రెండున్నర నెలల్లో వేడెక్కింది నా బుర్ర ఒక్కటే.

ఇంకో రహస్యం కూడా చెప్పేస్తాను. గంటకు మూడు వందల కిలోమీటర్లు ఉరికే శకటాన్ని చూసి చేసిన ఆ గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడేది. దాన్ని నేను గజగమనం అనుకున్నాను. మా ఇంటావిడ పూర్ణిమ దాన్ని వేరే మాట అన్నది.

ఇక శత్రువు మాట. నా బావమరిది మహిపాల్‌కు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. మనిషి మంచివాడు, అదే నా బాధ. చెడ్డవాడైతే హాయిగా పోట్లాడేవాణ్ని. ఫోన్లొచ్చినంక గడియారాలు బాగు చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారని, దుకాణం మూసి తన మిల్లుకొచ్చి లారీలు తూచే కాంటా గదిలో కూర్చోమని రెండేళ్ళ నుంచి ప్రేమగా పిలుస్తున్నాడు. చివరకు ఒప్పందం కుదిరింది. శుక్రవారం సంజీవ్ వచ్చి గడియారం తీసుకుంటే దుకాణం ఉంటుంది. కాదంటే అదే రోజు షట్టర్ దించి నేను బావమరిది కారెక్కాలి. కాంటా గదిలో కూర్చోవడం తప్పు పనేం కాదు. కానీ ముప్పై ఏళ్ళుగా ఈ చేతులకు తెలిసింది ఇదొక్కటే, ఇది పోతే నేనెవరో నాకే తెలియకుండా పోతుందని నాకు భయం. ఆ భయానికి ఎంత వెతికినా పెద్ద సమాసం దొరకలేదు.

శుక్రవారం పొద్దున్నే మహిపాల్ కారు సందు చివర ఆగింది. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన ఆ రథంలోంచి ఆయన తల్లి, అంటే మా అత్తమ్మ శాంతమ్మ కూడా దిగింది. సంజీవ్ పది గంటలకు వస్తానన్నాడు. గడియారం బల్ల మీద టిక్కు టిక్కుమంటూ నడుస్తున్నది. నేను తొమ్మిదింటికి దుకాణం వెనకున్న మా ఇంట్లోకి స్నానానికి పోయాను. మహావీరులందరూ ఇట్లాంటి చిన్న తప్పు దగ్గరే చిత్తవుతారు.

నేను నెత్తిన నీళ్ళు పోసుకుంటున్న ఆ పావుగంటలో శాంతమ్మ తన కూతురిని అడిగిందట, ఇదేనా అల్లుడు చేసిన కారు అని. పూర్ణిమ అవునన్నదట. చక్రాలెన్ని అని అడిగిందట. లోపల నాలుగు చక్రాలున్నాయని నేనే వెయ్యిసార్లు చెప్పి ఉన్నాను గనుక పూర్ణిమ నాలుగన్నదట. అంతే. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి బల్ల మీద నాలుగు దిక్కులా నాలుగు నిమ్మకాయలు, పక్కన కొట్టిన కొబ్బరికాయ, వెలుగుతున్న అగరుబత్తీలు, మధ్యలో నా రెండున్నర నెలల తపఃఫలం. దాని అద్దం మీద పసుపు, పసుపు మీద కుంకుమ, ఆ కుంకుమ ముప్పై రెండు రంధ్రాల్లోకీ మూడు వేళ్ళతో చల్లిన జాడ. గడియారం మాత్రం నడవడం లేదు.

తల తుడుచుకుంటున్న తువ్వాలుతోనే బల్ల ముందు ఆగిపోయాను. అత్తమ్మ నా మొహం చూసి సంతోషంతో అట్లా నిలబడ్డాననుకున్నది.

"కారన్నవ్ గద అల్లుడా," అన్నది. "కొత్త బండి, పూజ లేకుంట గడప దాటొద్దు. నీ బండికి దిష్టి గూడ తీసిన."

అరిచి ఉండేవాణ్ని. కానీ నా గడియారాన్ని కారని నేను ఊరంతా చాటుకుంటే, ఆ మాట నిజమని నమ్మిన ఒక్క మనిషి ఎవరయ్యా అంటే ఆమె. నమ్మినవాళ్ళ మీద ఎట్లా అరుస్తాం? అంతలో సంజీవ్ ఫోను. మునగాల దాటిండట. ఇంకో అరగంట.

అప్పుడు లేచాడు వీరుడు. కంటికి భూతద్దం కవచంగా తొడిగి, కుడిచేత పట్టకారు, ఎడమచేత గాలి కొట్టే రబ్బరు బుడ్డి ధరించి, కుంకుమ ఎగురుతుందని ఫ్యాను ఆపించి, వైశాఖపు ఉక్కపోతలో కేసు విప్పాడు. లోపల పసుపు తుఫాను వెలిసిన రణరంగం కనిపించింది. బుడ్డి నొక్కగా నొక్కగా పసుపు సేనలు పారిపోయాయి, కుంకుమ సేనలు చెల్లాచెదరయ్యాయి. కానీ గడియారానికి గుండెలాంటి బ్యాలెన్స్ చక్రం మీద, వెంట్రుక కంటే సన్నని స్ప్రింగు చుట్ల నడుమ, ఒకే ఒక్క రేణువు అడ్డంగా కూర్చుని కదలనన్నది. దాన్ని చూసి నాలో కవి కూడా లేచాడు.

"ఓ రక్తవర్ణ రేణుకణమా, సకల మంగళద్రవ్య కులతిలకమా, ముత్తయిదువుల లలాటసీమలను ఏలవలసిన నీవు ఈ ఇనుప చుట్ల కారాగృహంలో ఎందుకు చిక్కుకుంటివి? తొలగుము. తొలగవేని, ముప్పై సంవత్సరాల కరకౌశలమంతా ఈ పట్టకారు కొనకు తెచ్చి నిన్ను పెకలించి పారవేయుదును."

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బావా?" అన్నాడు మహిపాల్.

వెలుగు చాలడం లేదన్నాను. ఆయన ఫోను టార్చి వెలిగించి నా తల మీదుగా పట్టాడు. చూడండి ఆ చిత్రం: నేను ఓడిపోతే గెలిచేవాడు నాకే దీపం పట్టుకుని నిలబడ్డాడు. మొదటి దాడిలో పట్టకారు తగిలి రేణువు ఇంకో చుట్టు లోపలికి జరిగింది. రెండో దాడికి ముందే నా నుదుటి చెమట చుక్క జారి ముక్కు కొన మీదికొచ్చి ఊగిసలాడింది. అది గనుక రాలి ఉంటే ఈ గాథ అక్కడే సమాప్తం, నేను కాంటా గదిలో కూర్చుని ఇంకేదో గానం చేసుకుంటూ ఉండేవాణ్ని. పూర్ణిమ చీరకొంగుతో ఆ చుక్కను అద్ది తీసింది.

మూడో దాడికి పట్టకారు పక్కన పెట్టాను. చీపురుపుల్ల ఒకటి తీసుకుని సూది మొనలాగా చెక్కి, దాని కొనకు ఆవగింజలో పదోవంతు మైనం అంటించాను. ఊపిరి బిగబట్టాను. నాతోపాటు దుకాణమంతా బిగబట్టింది. ఆ పుల్ల స్ప్రింగు చుట్ల నడుమకు దిగి, రేణువును తాకి, మైనానికి అంటించుకుని, ఏ చుట్టునూ కదిలించకుండా పైకి లేచింది. బ్యాలెన్స్ చక్రం ఒక్క క్షణం ఆలోచించుకుని, అటు ఊగింది, ఇటు ఊగింది, నడిచింది. నేను గబగబా కేసు మూసి, అద్దం తుడిచి, అప్పుడు చూశాను. అద్దం లోపలే, ఆరు అంకె పక్కన, ఇంకో ఎర్రటి రేణువు నిశ్చింతగా కూర్చుని ఉంది. మళ్ళీ విప్పే వ్యవధి లేదు, సంజీవ్ మెట్లెక్కి వస్తున్నాడు.

ఆయన గడియారాన్ని చేతికి కట్టుకోలేదు, టైమ్ చూడలేదు. జేబులోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీసి, దాని మొనను గడియారం వీపుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. గ్యారేజీలో ఇంజన్లు అట్లాగే వింటాడు. ఎంతసేపు విన్నాడో చెప్పలేను, నా కొలమానం ఆయన చేతిలో ఉంది.

"మిస్సింగ్ కొట్టట్లేదన్నా, ఇంజన్ సాఫ్‌గున్నది," అన్నాడు. తరవాత కళ్ళు తెరిచి అద్దంలోకి వంగి చూశాడు. ఆ ఎర్రటిదేందని అడిగాడు.

గడియారాల లోపల ఇరుసులు అరగకుండా బుల్లి కెంపులు బిగిస్తారు. ఆ సంగతి సంజీవ్‌కు నేనే చెప్పాను. ఖరీదైన వాటిలో కెంపులు పైకి కూడా కనిపిస్తాయని చెప్పిందీ నేనే. ఒక్క అబద్ధం, ఒకే ఒక్క చిన్న మాట, దుకాణం నిలబడుతుంది. నా ధర్మబుద్ధి కత్తి దూసి ముందుకొచ్చింది, నా కడుపు దాన్ని వెనక్కి నెట్టింది, ఆ ఇద్దరి ద్వంద్వయుద్ధంలో కడుపే గెలుస్తున్నది. కెంపు అనడానికి నోరు తెరిచాను.

"అది కుంకుమ, బిడ్డా," అన్నది శాంతమ్మ ముందే. "నేనే పెట్టిన. బండికి పూజ చేసిన."

మహిపాల్ తల దించుకున్నాడు. నాకు షట్టర్ చప్పుడు వినిపించింది, ఎవరూ దించకుండానే. ఇక దాచేదేముందని, రోజుకు నాలుగు నిమిషాలు వెనక నడుస్తుందని కూడా చెప్పేశాను.

సంజీవ్ శాంతమ్మ వైపు చూశాడు, నిమ్మకాయలను చూశాడు, గడియారాన్ని మెల్లగా చేతికి కట్టుకున్నాడు.

"నా గ్యారేజీల ఇంజన్ దింపి ఎక్కిచ్చిన బండిని గూడ బొట్టు పెట్టకుండా బయటికి తియ్యనన్నా," అన్నాడు. "ఇంత చిన్నదానికి ఎవరు పెడతరులే అనుకున్నా. ఆ బొట్టు తియ్యకు. ఆ బొక్కలు మాత్రం మూసెయ్యి, వానకాలం వస్తుంది. మా బాపుకు గిట్లాంటిదే ఇంకొకటి చెయ్యి. ఆయన ఏడికీ తొందరగ పోయేది లేదు, నాలుగు నిమిషాలు లేటైనా ఏం గాదు. దానికి గూడ ఈ అమ్మతోనే పెట్టించాలె."

ఒకటి. పది కాదు, ఐదు కాదు. పాలకీడు తండాలో ఎండపూట మంచమ్మీద కూర్చుని ఉండే, సంజీవ్ నాయన బీక్యా అనే పెద్దాయనకు, తొందర లేని ఒక్క గడియారం. లెక్కగా చూస్తే నాకు దొరికింది రెండున్నర నెలల రాజ్యం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అగరుబత్తి పొగ అన్నాను, ఎవరూ నమ్మలేదు. నేను వంగి మా అత్తమ్మ కాళ్ళకు మొక్కాను. ఆమె నా తలమీద పెట్టిన చేతికి ఇంకా పసుపు ఉంది.

కనుక దిగంత విశ్రాంత యశస్కులైన శ్రోతలారా, వినుడు. ఏకరేణు నిర్మూలనుడు, ద్వితీయరేణు విషయమై పూర్తిగా పరాజితుడు, అయినను విజేత అయిన గడియార వీర మధుసూదన్ జయము చాటుతున్నాను. జయము జయము. ఆ మధ్యాహ్నం పన్నెండున్నరకు, కాంటా గదికి ఇంకొకరిని చూసుకుంటానని చెప్పి, మా ఇంట్లో అన్నం తిని, మహిపాల్ తన కారులో మిర్యాలగూడ దారి పట్టాడు. అందులో నేను లేను.