ఫోన్ ఎత్తే అధికారం

ఏటి నీటిమట్టం కొలిచే గేజీమనిషి భార్య పెరట్లో తడిబట్టలు పిండుతుండగా రేడియోలో మంత్రిగారు చరిత్ర సృష్టించారు. వాతావరణ మార్పులను ఇకనుంచి పొరుగుదేశంతో కలిసికట్టుగా ఎదుర్కొంటారట. ఆ మహా ఒప్పందానికి స్ఫూర్తి ఒక గేజీమనిషి ఇంట్లోని పాత ఫోనేనట. ఆమె చేతిలోని చొక్కా బురదలో పడింది.

మాట నిజమే. ఏటికి ఎగువన, సరిహద్దు అవతల, నీటిమట్టం చూసే మనిషి ఇంకొకడున్నాడు. వాళ్ల ఆనకట్ట గేట్లు ఎత్తగానే పదకొండేళ్లుగా ఫోన్ చేస్తున్నాడు. "బావా, నీళ్లు వదిలారు. మూడు గంటల్లో మీ గుమ్మంలో ఉంటాయి." ఈ బావ పరుగెత్తి పల్లపువీధి నలభై ఇళ్లనూ గుట్ట ఎక్కించేవాడు. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఈ బావల పుణ్యాన ఒక్క ప్రాణమూ పోలేదు. ప్రభుత్వానికి తెలియకుండా ఇంత మంచి జరిగితే ఏ మంత్రి ఊరుకుంటాడు?

ప్రారంభోత్సవం నాడు ఏటి ఒడ్డున వేదిక లేచింది. గేజీమనిషిని మంత్రిగారి పక్కన కూర్చోబెట్టారు. ఎదురుగా కుర్చీల్లో పల్లపువీధి యావత్తూ కొలువుతీరింది. ఇంట్లో గేజీమనిషి భార్య, మంచానపడ్డ అత్తగారు, ఫోను మీద సీలు వేయడానికి వచ్చిన సమన్వయాధికారి మిగిలారు.

"ఇకమీదట ఇది ఎత్తే అధికారం మీకు లేదమ్మా. వరద కబురు వాళ్ల రాజధానికి, అక్కణ్ణుంచి మన రాజధానికి వెళ్లి, అనువాదమై, మంత్రిగారి సంతకంతో మీకు చేరుతుంది."

"ఎన్నాళ్లకండీ?"

"ఇరవై ఒక్క పనిదినాలు. ఇదివరకు అసలు గడువే లేదు!"

"ఈలోగా నీళ్లొస్తే?"

"నీళ్లకు ఒప్పందం వర్తించదు."

అంతలో ఫోన్ మోగింది. ఆమె చెయ్యి చాచింది. అధికారి అడ్డుపడ్డాడు. "ఎత్తారంటే రెండు దేశాల సంబంధాలు చెడతాయి."

"ఆ అన్నయ్య ఊరికే చెయ్యడండీ."

ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ ఆగి, మళ్లీ మోగింది.

"ఒసేయ్, చెవుడు నాకా, నీకా?" లోపల్నుంచి అత్తగారు అరిచింది.

"పోనీ మీరు అధికారి కదా, మీరెత్తితే తప్పులేదుగా?" అందామె.

ఆ మాట ఆయనకు నచ్చింది. గొంతు సవరించుకుని ఎత్తాడు. "ఆఁ, చెప్పండి... అన్ని గేట్లూనా?... ఎప్పుడు?" ఫోన్ మెల్లగా పెట్టేశాడు.

"ఏమన్నాడండీ?"

"అది గోప్యం. రాజధాని ద్వారా వస్తుంది."

ఆయన కప్పులో మిగిలిన టీ తాగాడు. ఒప్పందం ఫైలును ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టాడు. ప్యాంటును మడత మీద మడత వేసి, జాగ్రత్తగా మోకాళ్లదాకా లాక్కున్నాడు.

"ప్రకృతికి సరిహద్దులు లేవు!" ఒడ్డున మైకులో మంత్రిగారు గర్జించారు. చప్పట్లు ఆగకుండా మోగుతున్నాయి.

వీధిగుమ్మం ఏటివైపు ఉంది. అధికారి బూట్లు చేత్తో పట్టుకుని, పెరటి తలుపు తీసి గుట్టదారి పట్టాడు.